ఎవరిలో శాతమో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్ మీటింగ్ లిఫ్ట్ రిపేరు గురించి పెట్టారు, ఎప్పట్లాగే అది పది నిమిషాల్లో ఆడవాళ్లకిచ్చిన ఫ్రీ బస్సు మీదికి మళ్లింది. మా పై ఫ్లోర్ అంకుల్ ఫోన్‌లో ఏదో పేపర్ కటింగ్ తీసి, "చూశారా, బస్సెక్కేవాళ్లలో సగం కంటే ఎక్కువ ఆడవాళ్లేనట, అంటే మన ఆడవాళ్లలో సగానికి పైగా పనున్నా లేకపోయినా బస్సెక్కి తిరుగుతున్నారన్నమాట" అన్నారు. అందరూ తలలూపారు. నిజం చెప్పాలంటే, రోజూ దిల్‌సుఖ్‌నగర్ నుంచి కోఠి దాకా నిలబడి వెళ్లే నేను కూడా ఒక్క క్షణం ఊపబోయాను.

తర్వాత తట్టింది, ఆయన చదివిన వాక్యం ఒకటి, చెప్పిన అర్థం ఇంకొకటి. మెయింటెనెన్స్ నోటీసు వెనక నాలుగు గళ్లు గీసి చూపించాను, అదే ఇక్కడా రాస్తున్నాను. లెక్క తేలిగ్గా ఉండాలని అంకెలు నేనే వేసుకున్నాను, ఇవి ఏ సర్వేలోవీ కావు.

ఒక కాలనీలో 200 మందిని అడిగారనుకోండి, 80 మంది ఆడవాళ్లు, 120 మంది మగవాళ్లు. ఆడవాళ్లలో 36 మంది బస్సెక్కుతారు, 44 మంది ఎక్కరు. మగవాళ్లలో 24 మంది ఎక్కుతారు, 96 మంది ఎక్కరు. అంటే బస్సెక్కేవాళ్లు మొత్తం 60 మంది. ఇప్పుడు ఆ 36 మంది ఉన్న గడినే చూడండి. అడిగిన 200 మందిలో వాళ్లు 18 శాతం. ఆడవాళ్ల వరుసలో, అంటే 80 మందిలో, 45 శాతం. బస్సెక్కే 60 మందిలో అయితే 60 శాతం. అదే 36 మంది, మూడు శాతాలు, మూడూ నిజమే. 'బస్సుల్లో 60 శాతం ఆడవాళ్లే' అని హెడ్డింగ్ పెట్టినా తప్పు లేదు, 'ఆడవాళ్లలో సగం మంది కూడా బస్సెక్కడం లేదు' అని పెట్టినా తప్పు లేదు. అంకుల్ చేసిందల్లా మూడోది చదివి రెండోదిగా అర్థం చేసుకోవడం.

అసలు తమాషా ఇక్కడ మొదలవుతుంది. సర్వే చేసేవాళ్లు ఉదయం పదకొండింటికి ఇంటింటికీ తిరిగారనుకోండి, ఆ టైముకి మా కాలనీలో తలుపు తీసేది ఎక్కువగా ఆడవాళ్లే, కాబట్టి 200 మందిలో 160 మంది ఆడవాళ్లు, 40 మంది మగవాళ్లే దొరికారు. ఎవరి అలవాటూ మారలేదు, ఆడవాళ్లలో అదే 45 శాతం, మగవాళ్లలో అదే 20 శాతం బస్సెక్కుతారు. అప్పుడు బస్సెక్కేవాళ్లు ఆడవాళ్లు 72, మగవాళ్లు 8, మొత్తం 80. అంటే బస్సెక్కేవాళ్లలో 90 శాతం ఆడవాళ్లే! ఊళ్లో ఒక్క మనిషి కూడా కొత్తగా బస్సెక్కకుండానే 60 కాస్తా 90 అయింది, ఎవరిని అడిగారన్న దాన్ని బట్టి. అందుకే ఎవరు ఎక్కువ ఎక్కుతున్నారో తెలియాలంటే 60 పక్కన 40 పెట్టి లాభం లేదు, ఆడవాళ్లలో 45ని మగవాళ్లలో 20తో పోల్చాలి.

ఆ పోలిక సరిగ్గా చేసినా సరే, వెంటనే 'ఫ్రీ కాబట్టే' అనేస్తారు. తెలంగాణలో ఆడవాళ్లకి ఫ్రీ బస్సు మొదలైంది 2023 డిసెంబర్ 9న. అంతకుముందు ఎంతమంది ఎక్కేవాళ్లో పక్కన లేకుండా, ఒక్కసారి చేసిన సర్వే ఆ మాట ఎలా చెబుతుంది? మా లైన్‌లో చాలా ఇళ్లలో బండి ఒక్కటే, దాన్ని పొద్దున్నే తీసుకెళ్లేది మగాయన. మిగిలినవాళ్లకి బస్సు కాక ఏముంది, టికెట్ ఉన్నా లేకపోయినా?

ఇలా తొందరపడేది మనమొక్కరమే కాదులెండి. 1973లో అమెరికాలోని బర్కిలీ యూనివర్సిటీలో పీజీకి అప్లై చేసిన మగవాళ్లలో దాదాపు 44 శాతం మందికి సీటొస్తే ఆడవాళ్లలో దాదాపు 35 శాతం మందికే వచ్చింది. ఇది వివక్షే అనిపించింది. డిపార్ట్‌మెంట్ల వారీగా విడగొట్టి చూస్తే చాలా చోట్ల ఆ తేడా కనపడలేదు, సీటు దొరకడం కష్టమైన డిపార్ట్‌మెంట్లకే ఆడవాళ్లు ఎక్కువగా అప్లై చేశారని తేలింది. అంత కష్టమైన డిపార్ట్‌మెంట్లకే ఆడపిల్లలు ఎందుకు వెళ్లారన్నది మళ్లీ వేరే ప్రశ్న, అది ఆ టేబుల్‌లో దొరకదు.

మా అబ్బాయి టెన్త్ లెక్కల పుస్తకంలో సగటు, మధ్యగతం, బాహుళకం అన్నీ ఉన్నాయి, మంచిదే, కానీ ఇంట్లో అందరం రోజూ చూసేది పేపర్లో శాతాలే కదా. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి పేరు మీద గచ్చిబౌలి వైపు సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో గణాంకాల సంస్థే ఉన్న ఊళ్లో, 'శాతం' అన్న మాట ముందు 'ఎవరిలో' అని చేర్చడానికి మనకింత బద్ధకమెందుకో.

నోటీసు వెనక నా గళ్లు చూశాక అంకుల్ కోప్పడలేదు. కళ్లజోడు సర్దుకుని, "అయితే ఇందులో మొత్తం ఎంతమందిని అడిగారమ్మా, ఆడవాళ్లెంతమంది?" అన్నారు. కటింగ్ పైనుంచి కిందదాకా ఇద్దరం వెతికాం. లేదు. రంగుల బొమ్మ ఉంది, పెద్ద అక్షరాల్లో శాతం ఉంది, మనుషుల లెక్క మాత్రం లేదు.

మీ పత్రికలో సర్వే వార్త వేసినప్పుడు ఒక మూలన ఆ నాలుగు గళ్లూ, పక్కనా కిందా మొత్తాలతో సహా, వేయండి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరిని అడిగారో ఒక్క లైను రాయండి. నాలుగు అంగుళాల చోటు కూడా పట్టదు. శాతాలు మేమే కట్టుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్