ఊరికో పడవ ఉంటే పందేలు వాటంతటవే వస్తాయి

ఎడిటర్ గారికి నమస్కారం.

సంక్రాంతికి ఆత్రేయపురం కాలవలో పడవ పందేలు పెట్టారని ఫోటోలు చూశానండి. ఫోన్లోనేలెండి, ఇక్కడ ఎడిన్‌బరాలో మన పేపరు ఎక్కడ దొరుకుద్ది, పొద్దున్నే డ్యూటీకి బస్సులో వెళ్తా జిల్లా ఎడిషన్ తిరగేయడం నాకు అలవాటు. చూడగానే సంబరమేసింది, మావారికి చూపించా, ఇక్కడ మా క్లబ్బు వాళ్ళ గ్రూపులో కూడా పెట్టా. తర్వాత ఎందుకో మనసులో కొంచెం కెలికినట్టయింది. అదేంటో చెప్దామనే ఈ ఉత్తరం. పెద్దదైపోతే కత్తిరించుకోండి, తాళ్ళరేవు గురించి రాసిన ముక్క మాత్రం ఉంచండి దయచేసి.

మాది కాకినాడ జగన్నాథపురం. మా అమ్మ వాళ్ళ నాన్న తాళ్ళరేవులో పడవలు కట్టే మేస్త్రి. నేను ఇక్కడికొచ్చి తొమ్మిదేళ్ళు, హాస్పిటల్ ల్యాబులో ఉద్యోగం. నాలుగేళ్ళ నుంచి ఇక్కడి ఒక కోస్టల్ రోయింగ్ క్లబ్బులో తెడ్డు వేస్తున్నా. రోయింగ్ అనగానే టీవీలో ఒలింపిక్స్ అప్పుడు చూపించే సూదిలాంటి పడవలు అనుకోకండి, అవి చెరువు నీళ్ళలో నడిచేవి, సముద్రంలో పెడితే మొదటి అలకే అయిపోద్ది వాటి పని. మావి వెడల్పాటి చెక్క పడవలు, నలుగురం కూర్చుని తలా ఒక తెడ్డు వేస్తాం, వెనకాల చుక్కాని పట్టుకుని ఒకరు అరుస్తా ఉంటారు.

ఈ పడవల కథ మనవాళ్ళకి తెలియాలి. ఇదేమీ తాతల కాలం నాటి సంప్రదాయం కాదు, 2009లో మొదలైంది. ఆన్‌స్ట్రదర్ అని ఇక్కడ స్కాట్లాండ్‌లో ఫైఫ్ తీరంలో చిన్న రేవు ఊరు, అక్కడ స్కాటిష్ ఫిషరీస్ మ్యూజియం ఉంది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల బొగ్గు గనుల ఊళ్ళలో కార్మికులు సొంతంగా పడవలు చేసుకుని ఊరికీ ఊరికీ పందేలు పెట్టుకునేవాళ్ళంట, తర్వాత అవి ఆగిపోయాయి, చేపల పడవలకి ఇంజిన్లు వచ్చి తెడ్డు పట్టేవాళ్ళూ లేకుండా పోయారు. మళ్ళీ జనాన్ని నీళ్ళ మీదకి తేవాలని మ్యూజియం వాళ్ళు ఇయాన్ ఓట్రెడ్ అనే డిజైనర్ని ఒక పడవ గీసి ఇమ్మన్నారు. ఆయన ఆస్ట్రేలియాలో పుట్టి స్కై దీవిలో స్థిరపడ్డ మనిషి, 2024లో పోయాడు పాపం. ఫెయిర్ ఐల్ అనే దీవిలో వాడే పాత పడవల పోలికలోనే 22 అడుగుల పడవ గీశాడు. పేరు సెయింట్ ఐల్స్ స్కిఫ్, ఆ మ్యూజియం ఉన్న చోట పూర్వం ఉన్న చిన్న గుడి పేరది. అలెక్ జోర్డాన్ అనే ఆయన ప్లైవుడ్ ముక్కలన్నీ మెషిన్ మీద కోసి కిట్టులాగా ఇవ్వడం మొదలెట్టాడు.

అసలు తెలివంతా ఎక్కడుందంటే, పడవ ఒళ్ళు అందరిదీ ఒకే కొలత. డబ్బున్న ఊరు ఇంకా సన్నంగా ఇంకా స్పీడుగా ఉండేది చేయించుకుంటానంటే కుదరదు. తెడ్లు మాత్రం ఎవరిష్టం వాళ్ళది, సీట్లు రంగులు కూడా. ఇంకోటి, పడవని ఊరివాళ్ళే కట్టుకోవడం ఆనవాయితీ. రెడీమేడ్‌గా కొనుక్కుని దింపేస్తే ఇక్కడ ఎవరూ పెద్దగా మెచ్చుకోరు. అలా మొదలైంది ఇప్పుడు స్కాట్లాండ్‌లోనే అరవైకి పైగా క్లబ్బులైంది, బయట దేశాల్లో కూడా కట్టుకుంటున్నారు. వీటికి ప్రపంచ పోటీలు కూడా ఉన్నాయండి, 2013లో ఉల్లపూల్‌లో మొదటిసారి జరిగాయి, 2019లోనూ 2025లోనూ స్ట్రాన్‌రార్ అనే ఊళ్ళో. ఆ ఊళ్ళ పేర్లు మనం ఎప్పుడైనా విన్నామా? మన ఉప్పాడ, భైరవపాలెం కంటే గొప్ప ఊళ్ళేం కావు.

నేను చేరినప్పుడు మా క్లబ్బు వాళ్ళు రెండో పడవ కడుతున్నారు. చలికాలం, ఒక పాత షెడ్డు, మధ్యాహ్నం మూడున్నరకే చీకటి. రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన, స్కూల్ టీచరమ్మ, పదహారేళ్ళ పిల్ల, ఇలా ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళొచ్చి పని చేస్తారు. పలక మీద పలక కొంచెం ఎక్కేలా పెట్టి, ఎపాక్సీ అనే జిగురు రాసి, పొడుగునా క్లాంపులు బిగించాలి. నాకిచ్చిన పని సందులోంచి కారిన జిగురుని గట్టిపడేలోపు గీకేయడం, అంతే, దానికే వారం రోజులు చేతులు వాసన పోలేదు. ఒకరోజు పలక బిగించాక అక్కడి ముసలి వడ్రంగాయన మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసి, పలక అంచు వెంబడి ఈ చివర నుంచి ఆ చివరకి చూశాడు. చూసి ఏం మాట్లాడలేదు, మధ్యలో ఒక క్లాంపు అర చుట్టు వదులు చేశాడు. నాకు ఒక్కసారిగా తాళ్ళరేవులో మా తాత కనిపించాడండి. అదే కన్ను మూయడం, అదే మాట్లాడకపోవడం. మా తాతకి ప్లాను కాగితం తెలీదు, తాడుతో కొలిచేవాడు, సందుల్లో నార కూరి తారు పూసేవాడు, చిన్నప్పుడు నేను ఆ తారు చెప్పులకి అంటించుకుని వస్తే అమ్మమ్మ తిట్లు. అక్కడ షెడ్డులో ఏడుపొచ్చేసి, జిగురు ఘాటుకి కళ్ళు మండుతున్నాయని చెప్పి బయటికొచ్చేశా.

సరే రెగట్టాల సంగతి. రెగట్టా అంటే పడవల తిరనాళ్ళ అనుకోండి. మే నుంచి సెప్టెంబరు దాకా సీజను, ఒక్కో శనివారం ఒక్కో ఊరు చేస్తుంది, ఏ ఊరిది ఏ తారీఖో ముందే అనుకుని పెట్టుకుంటారు. మిగతా ఊళ్ళవాళ్ళు కారు వెనకాల ట్రైలరు మీద పడవ పెట్టుకుని తెల్లారకుండా బయల్దేరతారు. టైమింగ్ అంతా సముద్రానిదే, ఇక్కడ ఫోర్త్ నదీముఖంలో పోటుకీ పాటుకీ నాలుగైదు మీటర్ల తేడా ఉంటుంది, మన కాకినాడలో మనిషెత్తు కూడా ఉండదు కదా, ఇక్కడ పొద్దున పడవ దింపిన చోట మధ్యాహ్నానికి బురద. రేసు రెండు కిలోమీటర్లు అటూఇటూ ఉంటుంది, మధ్యలో బోయ, అంటే గుర్తుకోసం నీళ్ళ మీద తేలేలా కట్టిన బుడ్డి, దాని చుట్టూ తిరిగి రావాలి. ఆ మలుపు దగ్గరే అసలు ఆట. నాలుగు పడవలు ఒకేసారి బోయ మీదకి వస్తాయి, లోపలి వైపు ఇద్దరు తెడ్డు నీళ్ళలో నిలబెట్టాలి, బయటి వైపు ఇద్దరు ప్రాణం పెట్టి లాగాలి, చుక్కాని పట్టినావిడ గొంతు పోయేలా అరుస్తుంది, పక్క పడవ తెడ్డు మన తెడ్డుకి తగిలి టకటకమంటుంది. నేను హైలెస్సా అని అరిస్తే మొదట్లో నవ్వేవాళ్ళు, ఇప్పుడు మా పడవలో అందరూ అదే అరుస్తారు, అర్థం మాత్రం ఎవరికీ తెలీదు, నాకూ సరిగ్గా తెలీదనుకోండి.

నా మొదటి రేసులో మలుపు దాటగానే తెడ్డు రెక్క నీళ్ళలో అడ్డంగా ఇరుక్కుని పిడి వచ్చి నా ఛాతీ మీద గుద్దింది, వెల్లకిలా వెనకావిడ ఒళ్ళో పడ్డా. పడవ ఆగిపోయింది, మాదే ఆఖరు. దీన్ని ఇక్కడ పీత పట్టడం అంటారు. ఒడ్డుకి రాగానే అందరూ వచ్చి పెద్ద పీతే పట్టావంటగా అని ఒకటే నవ్వు, మా ఊళ్ళో పీత పడితే ఇగురు వండుతాం, మీలాగా నవ్వి ఊరుకోం అన్నా. తర్వాత లంచిలో వాళ్ళ పప్పు సూపు ఇచ్చారు, మన పప్పుచారే అది, తాలింపు ఒక్కటే తక్కువ. అప్పట్నుంచి మా ఊరి రెగట్టాకి పులిహోర నాది. గెలిచినవాళ్ళకి ఏమిస్తారు అంటే ఒక పతకం, ఒక్కోసారి పిల్లలు రంగులేసిన చెక్క ముక్క. దానికోసం అరవై దాటినవాళ్ళు చలికాలమంతా ప్రాక్టీసు చేస్తారు. వయసుని బట్టి కూడా రేసులున్నాయి మరి, నలుగురి వయసులు కూడితే ఇంత దాటాలి అని ఒకటి ఉంటుంది, అందులో మాలో పెద్దావిడకి మహా గిరాకీ, ఆవిడొక్కతే డెబ్భై రెండు వేస్తుంది కాబట్టి.

ఇప్పుడు మన సంగతి. ఆత్రేయపురం పందేల్ని నేను తప్పుపట్టట్లేదు, జనం వచ్చారు, బాగుంది. కానీ అది కేరళ తరహా అని మనమే చెప్పుకున్నాం. కేరళవాళ్ళకి ఆ పడవలు ఊళ్ళవి, ఊరి పరువు ఆ పడవలో ఉంటుంది, అందుకే 1952లో నెహ్రూ గారు వచ్చి చూసిన దగ్గర్నుంచి మొదలైన నెహ్రూ ట్రోఫీ పందెం పున్నమడ చెరువులో ఇప్పటికీ బతికే ఉంది. మనం పందెం తెచ్చుకున్నాం, మరి పడవ ఏది? పండగ మూడు రోజులూ అయిపోయాక మన పిల్లలు ఎక్కడానికి రేవులో ఏ పడవ మిగులుతుంది? తాళ్ళరేవు, కోరంగి అంటే ఒకప్పుడు ఓడలు కట్టిన చోటండి, 1839 తుఫానుకి కోరంగి రేవు తుడిచిపెట్టుకుపోయినా పడవలు కట్టే చెయ్యి ఆ పక్కన బతికే ఉంది. ఆ మేస్త్రీలకి ఇప్పుడు పని తగ్గింది, ఫైబర్ బోట్లు వచ్చేశాయి. వాళ్ళు ఉండగానే కాకినాడ సముద్రానికి సరిపడే ఒక చెక్క పడవ కొలత ఖాయం చెయ్యండి, ఆరుగురు వేసేదో నలుగురు వేసేదో వాళ్ళే చెప్తారు, ఉప్పాడ, ఏటిమొగ, దుమ్ములపేట, భైరవపాలెం, బలుసుతిప్ప, ఏ ఊరు ముందుకొస్తే ఆ ఊళ్ళో పిల్లల్ని మేస్త్రి దగ్గర కూర్చోబెట్టి కట్టించండి. పందెం పెట్టడానికి కాకినాడ అఖాతం కంటే మంచి చోటుందా? బయట హోప్ ఐలాండ్ పదహారు కిలోమీటర్ల ఇసుక గోడలాగా అడ్డంగా పడుకుని ఉంటుంది, పెద్ద అల లోపలికి రాదు. ఇక్కడివాళ్ళకి ఆ మాట చెప్తే అసూయపడ్డారు నిజంగా.

ఎప్పుడు అంటారేమో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట బంద్, ఇంజిన్ బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, మగాళ్ళు ఇంటి దగ్గరే ఉంటారు. ఎండ అంటారా, పొద్దున ఆరింటికి మొదలెట్టి ఎనిమిదిన్నరకి ముగించేయొచ్చు, మేలో తుఫాను కబురొస్తే మానేస్తాం, ఇక్కడ కూడా గాలికి ఎన్ని రేసులు క్యాన్సిల్ అయ్యాయో లెక్కలేదు, ఎవరూ గొడవపెట్టరు. గొడవలంటే గుర్తొచ్చింది, ఊళ్ళ మధ్య వలల తగాదాలున్నాయి, పందెంలో తెడ్లు తగిలితే కొట్టుకుంటారేమోనని మా మేనమామ భయం. ఆ భయం నాకూ ఉంది. అందుకే మొదటి ఏడాది ప్రైజు డబ్బులు పెట్టొద్దంటాను, లైఫ్ జాకెట్ లేకుండా ఎవర్నీ ఎక్కనివ్వొద్దు, ఆడవాళ్ళ రేసు తప్పకుండా ఉండాలి. చేపల తట్ట మొయ్యడానికి పనికొచ్చిన భుజాలు తెడ్డు వెయ్యడానికి పనికిరావా?

పోయినసారి ఇంటికొచ్చినప్పుడు ఇదంతా ఒక కాగితం మీద రాసుకుని ఒక ఆఫీసుకి వెళ్ళానండి. అక్కడాయన మర్యాదగానే కూర్చోబెట్టి అంతా విని, ఇది స్పోర్ట్స్ కిందకి వస్తుందమ్మా అన్నారు. స్పోర్ట్స్‌కి వెళ్తే సముద్రం కాబట్టి ఫిషరీస్ అన్నారు, అక్కడికెళ్తే పందెం కాబట్టి టూరిజం అన్నారు, నాలుగోరోజు నా ఫ్లైటు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కోస్టల్ రోయింగ్ మొదటిసారి పెడుతున్నారు సార్, బీచ్ మీద పరిగెత్తి పడవెక్కి బోయల మధ్య తిరిగొచ్చి మళ్ళీ పరిగెత్తాలి, మన ఉప్పాడ కుర్రాళ్ళు చిన్నప్పట్నుంచి చేసేది అదే కదా అని కూడా చెప్పా. అవునా అన్నారు, టీ ఇచ్చారు.

కాబట్టి ఆఫీసుల్ని పక్కన పెట్టి మీ పేపరు ద్వారా అడుగుతున్నా. వచ్చే జనవరిలో మూడు వారాలు కాకినాడలో ఉంటాను. తాళ్ళరేవు వైపు ఇంకా చెక్క పడవ కడుతున్న మేస్త్రి ఎవరైనా ఉంటే, కలప డబ్బులు మొదటి పడవ వరకూ నేనూ ఇక్కడ మా క్లబ్బువాళ్ళూ వేసుకుంటాం, మా డెబ్భై రెండేళ్ళావిడ అప్పుడే వంద పౌండ్లు రాసిచ్చేసింది. కూలి ఎంతో ఆయనే చెప్పాలి. తెలిసినవాళ్ళు మీ జిల్లా ఆఫీసులో పేరు ఇచ్చి ఉంచితే నేనొచ్చి తీసుకుంటాను. పులిహోర నాదే, ఆత్రేయపురం వాళ్ళు వస్తానంటే పూతరేకులు వాళ్ళవి.

ఇట్లు,
ఒక జగన్నాథపురం ఆడపడుచు,
ఎడిన్‌బరా