ఒక్క ముక్క రాసి వదిలేస్తే ఏజెంట్‌కు ఏం తెలుస్తుంది?

సంపాదకులకు నమస్కారం.

ఏఐ ఏజెంట్లను, అంటే చెప్పిన పనిని తామే చేసిపెట్టే ఏఐ ప్రోగ్రాములను, నమ్మి ఫైళ్లు అప్పగిస్తే నాశనం చేస్తున్నాయంటూ ఈమధ్య మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. అందులో రాసినవి అబద్ధాలని అనను. కాకపోతే ఫైళ్లను ఒక ఫార్మాట్ నుంచి ఇంకో ఫార్మాట్‌లోకి మార్చే టూల్స్, అంటే ఏజెంట్లు వాడుకునే చిన్న ప్రోగ్రాములు, రాయడమే నా ఉద్యోగం కాబట్టి, ఆ తిట్లలో సగం మాలాంటి వాళ్లకు రావాలని చెప్పడానికి ఈ ఉత్తరం.

ఏజెంట్ తనంతట తాను ఫైల్ మార్చదు, మేం ఇచ్చిన టూల్‌ను పిలుస్తుంది. ఆ టూల్ లోపల ఏ కోడ్ ఉందో మామూలుగా దానికి కనిపించదు. కనిపించేదల్లా టూల్ పేరు, దాని కింద మేం రాసిన డిస్క్రిప్షన్, ఏమేం వివరాలు ఇవ్వాలన్న పట్టిక, అంతే. 2024 నవంబరులో ఆంత్రోపిక్ అనే ఏఐ సంస్థ, ఏజెంట్లకు టూల్స్ తగిలించడానికి మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ఉమ్మడి పద్ధతి తెచ్చాక, ఎవరో రాసిన టూల్‌ను ఇంకెవరో తమ ఏజెంట్‌కు తగిలించుకోవడం తేలికైపోయింది. రాసినవాడు పక్కన కూర్చుని 'అలా కాదు, ఇలా' అని చెప్పడానికి ఉండడు కదా!

నా సంగతే చెబుతాను. నేను రాసిన టూల్ పేరు 'కన్వర్ట్'. డిస్క్రిప్షన్: 'ఫైల్‌ను కోరిన ఫార్మాట్‌లోకి మారుస్తుంది'. రాసినప్పుడు ముచ్చటగానే అనిపించింది. ఒకరోజు మా టీమ్‌లో ఒకాయన మూడు షీట్లున్న ఎక్సెల్ ఫైల్ ఇచ్చి సీఎస్‌వీ చేసిపెట్టమని ఏజెంట్‌ను అడిగాడు. సీఎస్‌వీ అంటే ఉత్త టెక్స్ట్, అందులో షీట్లన్న మాటే ఉండదు. నా టూల్ వెనకాల పనిచేసేది లిబ్రేఆఫీస్ అనే ఆఫీస్ సాఫ్ట్‌వేర్, ప్రత్యేకంగా చెప్పకపోతే అది మొదటి షీట్ ఒక్కటే రాస్తుంది. టూల్ 'సక్సెస్' అంది, ఏజెంట్ 'మీ ఫైల్ సిద్ధం' అంది, మిగతా రెండు షీట్లు ఏమయ్యాయో రెండు రోజుల దాకా ఎవరికీ పట్టలేదు. తీరా బయటపడ్డాక అందరూ ఏఐనే తిట్టారు, నేనూ కాసేపు వాళ్లతో కలిసి తిట్టాను.

తర్వాత కూర్చుని తిరగరాసింది ఇది: 'ఎక్సెల్ ఫైల్‌లోని ఒక్క షీట్‌ను సీఎస్‌వీగా మారుస్తుంది. ఏ షీటో చెప్పకపోతే మొదటిదే వస్తుంది. ఫార్ములాలు పోయి వాటి విలువలు మిగులుతాయి, రంగులు, చార్టులు రావు. షీట్లు ఒకటికంటే ఎక్కువుంటే ఏది కావాలో ముందు మనిషిని అడుగు. పాత ఫైల్‌ను ముట్టుకోదు, కొత్త ఫైల్ ఎక్కడుందో చెబుతుంది.' కోడ్‌లో ఒక్క లైను మార్చలేదు. పేరు మాత్రం 'ఎక్సెల్ షీట్ టు సీఎస్‌వీ' అని పెట్టాను.

గమనించారా, ఇందులో ఎక్కువ భాగం టూల్ చేయని పనుల గురించే. మేం రాయకుండా ఎగ్గొట్టేది సరిగ్గా అదే. డాక్యుమెంట్ల ఫార్మాట్ మార్చే పాన్‌డాక్ అనే ప్రోగ్రాం ఉంది చూడండి, అది పీడీఎఫ్ తయారు చేయగలదు గానీ పీడీఎఫ్‌ను చదవలేదు. పాన్‌డాక్ అన్న పేరు కనిపిస్తే మోడల్‌కు, అంటే ఏజెంట్‌ను నడిపే ఏఐకి, ఆ సంగతి తెలిసే అవకాశం ఉంది. మనం దాన్ని 'డాక్యుమెంట్ హెల్పర్' అని ముసుగేసి పెడితే దానికి ఎలా తెలియాలి?

స్కాన్ చేసిన పీడీఎఫ్‌ది ఇంకో తలనొప్పి. మన కంటికి అక్షరాలే, లోపల మాత్రం ఉత్త ఫొటో. టెక్స్ట్ తీసే టూల్‌కు అది ఇస్తే ఖాళీ ఫైల్ వస్తుంది, అది చూసి ఏజెంట్ 'ఈ డాక్యుమెంట్‌లో ఏమీ లేదు' అని ధీమాగా చెప్పేస్తుంది. దానికి ఓసీఆర్ టూల్, అంటే ఫొటోలోని అక్షరాలను చదివి టెక్స్ట్‌గా మార్చేది, కావాలి, ఆ మాట మొదటి టూల్ డిస్క్రిప్షన్‌లోనే ఉండాలి. అలాగే ఓసీఆర్ టూల్‌లో భాష చెప్పాలన్న మాట కూడా, ఎందుకంటే టెసరాక్ట్ లాంటి ఓసీఆర్ ప్రోగ్రాం భాష చెప్పకపోతే ఇంగ్లిష్ అనుకుంటుంది, తెలుగు పేజీ ఇస్తే పిచ్చి అక్షరాలు కక్కుతుంది. ఎర్రర్ మెసేజ్ కూడా డిస్క్రిప్షన్ లాంటిదే అంటాను నేను. 'ఎర్రర్ 3' అని వస్తే ఏజెంట్ అదే పని మళ్లీ మళ్లీ చేస్తూ కూర్చుంటుంది, 'ఇందులో టెక్స్ట్ లేదు, ఓసీఆర్ వాడు' అని వస్తే దారి మారుతుంది.

అలాగని పేజీలకు పేజీలు రాయమనడం లేదు. టూల్స్ డిస్క్రిప్షన్లన్నీ మోడల్ ముందు పరిచి ఉంచాల్సినవే, పైగా ఒకే పని చేసేలా కనిపించే టూల్స్ నాలుగుంటే ఏది పిలవాలో తెలియక అది తికమకపడుతుంది. రాశాక ఓ పది రకాలుగా అడిగి, ఏ టూల్‌ను పట్టుకుంటోందో చూసుకుంటే చాలావరకు తెలిసిపోతుంది. ఈ చిన్న పని చేయకుండానే టూల్‌ను జనం మీదికి వదిలేసే వాళ్లను చూస్తే, నిజం చెప్పొద్దూ, ఒళ్లు మండుతుంది.

మొన్న అదే ఆయన అలాంటి ఎక్సెల్ ఫైలే మళ్లీ ఇచ్చాడు. మోడల్ పాతదే. 'ఇందులో మూడు షీట్లున్నాయి, ఏది కావాలి?' అని ఎదురు అడిగింది.

ఇట్లు,
ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి