లంబసింగి వెళ్లేముందు మా కారు సర్దిపెట్టిన వాళ్లకు, ఘాట్‌లో ఆగిన జీపు అన్నకు థ్యాంక్స్

సంక్రాంతి సెలవుల్లో లంబసింగి వెళ్లి క్షేమంగా బెజవాడ వచ్చిపడ్డాం. మా బండి గురించి మాకంటే ఎక్కువ పట్టించుకున్న వాళ్లకు అందరి ముందూ థ్యాంక్స్ చెప్పాలనే ఈ పోస్టు.

ముందుగా మా పై ఫ్లోర్ బాబాయ్ గారికి. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. "స్వెట్టర్ల సంగతి సరేనమ్మా, బండిలో ఏం పెట్టారు?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. బెజవాడలో చలికాలమంటే ఫ్యాను స్పీడు ఒక పాయింటు తగ్గించడమే కదా, ఇలాంటి ప్రశ్న ఇక్కడెవరు అడుగుతారు! తనే ఒక గోనెసంచి తెచ్చి డిక్కీలో పెట్టారు. టార్చి, తాడు, పాత రగ్గు, నీళ్ల క్యాను, రెండు చెక్క దిమ్మలు. కారుతో వచ్చిన ఎర్ర త్రికోణం స్టెప్నీ కింద ఉంటే తీసి అన్నిటికంటే పైన పెట్టారు. "హైవే మీదైతే 1033కి ఫోన్ చేస్తారు. ఘాట్‌లో సిగ్నలే లేకపోతే ఎవరికి చేస్తారు?" అన్నారు. చలేస్తోందని అద్దాలన్నీ మూసి, ఇంజను ఆన్‌లో ఉంచి నిద్రపోవద్దని, ఆ పొగ లోపలికొస్తే వాసన కూడా తెలియకుండా ప్రాణం తీస్తుందని మా వారికి గట్టిగా చెప్పారు.

తర్వాత ఆటోనగర్ మెకానిక్ అన్నకు. చలికి బ్యాటరీ బలం తగ్గుతుంది, ఇంజనాయిలు చిక్కబడుతుంది. ఇక్కడ ఒక్క సెల్ఫ్‌కే స్టార్టయ్యే బండి అక్కడ తెల్లారుజామున మొరాయించొచ్చు. అందుకని బ్యాటరీ చెక్ చేసి, ఎందుకైనా మంచిదని తన జంపర్ కేబుల్ (వేరే బండి బ్యాటరీకి కలిపి మన బండి స్టార్ట్ చేసుకునే వైర్లు) కూడా ఇచ్చాడు. వాతావరణం 10 డిగ్రీలు చల్లబడితే టైర్లలో గాలి దాదాపు 2 పాయింట్లు పడిపోతుందని చెప్పి, అడక్కుండానే స్టెప్నీలో కూడా గాలి కొట్టించాడు. చివర్లో మూరెడు ఇనప పైపు ముక్క డిక్కీలో పడేశాడు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

తిరిగొచ్చేటప్పుడు అర్థమైంది. పొద్దెక్కినా పొగమంచు విడవలేదు. హైబీమ్ వేస్తే వెలుగంతా మంచుకు తగిలి మన మొహానికే కొడుతుంది, అందుకే లోబీమ్‌తో మెల్లగా దిగుతున్నాం. ఘాట్‌లో ముందు టైరు పంక్చరైంది. చక్రాలకు దిమ్మలు అడ్డం పెట్టాం. నేను వెనక్కి నడిచి, వచ్చే బళ్లకు మలుపు తిరక్కముందే కనపడేలా త్రికోణం పెట్టొచ్చాను (ఇదీ బాబాయ్ గారు చెప్పిందే). నట్లేమో మిషన్‌తో బిగించినవి. మా వారు స్పానర్ మీద ఎక్కి నిలబడ్డా ఒక్కటీ కదల్లేదు.

అప్పుడే క్యాబేజీ బస్తాలతో ఒక జీపు వచ్చి ఆగింది. మా వారు జాకీ తీస్తుంటే ఆ డ్రైవర్ అన్న, "ముందు నట్లు వదులు చెయ్యాలి సార్, లేపాక అయితే చక్రం తిరిగిపోద్ది" అన్నాడు. డిక్కీలో పైపు కనపడగానే స్పానర్ పిడికి తొడిగి పొడవు చేసి, చివర కాలు పెట్టి ఒక్క తొక్కు తొక్కాడు. కిర్రుమని నట్టు వదులైంది. "ఇది పెట్టినోడు పనోడండీ" అన్నాడు. మెకానిక్ అన్నా, ఆ మాట మీకు చేరవేస్తున్నాను.

జీపు అన్న డబ్బులు వద్దన్నాడు. ఫ్లాస్కులో టీ పోసిస్తే తాగి వెళ్లిపోయాడు. హడావుడిలో పేరడగడం కుదరలేదు. చింతపల్లి వైపు వాళ్లెవరైనా ఈ పోస్టు చూస్తే, తెల్ల జీపులో నర్సీపట్నానికి కూరగాయలు వేసుకెళ్లే ఆయనకు మా నమస్కారాలు చెప్పండి.

సంచి వెనక్కి ఇవ్వబోతే బాబాయ్ గారు మన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గదిలో పెట్టించారు. అరకు, శ్రీశైలం లాంటి చోట్లకు వెళ్లేవాళ్లు అడిగి తీసుకోవచ్చు. టార్చిలో కొత్త సెల్స్ వేశాను. పైపు కూడా అందులోనే ఉంది. జంపర్ కేబుల్ మాత్రం మెకానిక్ అన్నది, సోమవారం ఇచ్చేస్తున్నాం.