గ్యాసేలే అన్నారు మా నాన్న

ఎడిటర్ గారికి నమస్కారమండి. కనిగిరి వైపు ఆర్టీసీ బస్సెక్కేవాళ్ళలో చాలామందికి డ్రైవర్‌గా మా నాన్న తెలుసు. పోయిన నెల ఉన్నట్టుండి పోయారు, 51 ఏళ్ళు, బీపీ లేదు షుగర్ లేదు, సిగరెట్ కూడా అక్క పుట్టినప్పుడే మానేశారట.

నైట్ హాల్ట్ డ్యూటీ దిగి ఇంటికొచ్చి, పడుకోకుండా మా ఇద్దరికీ జడలేసి స్కూలుకి పంపేవారు. అమ్మ టైలరింగ్ చేస్తుంది, పెళ్ళిళ్ళ సీజన్లో పని తెమలక అమ్మ రాత్రిళ్ళు కూర్చుంటే ఈయనా పక్కన కూర్చుని బ్లౌజులకి హుక్కులు కుట్టేవారు, స్టీరింగ్ పట్టి కాయలు కాసిన వేళ్ళతో అంత సన్నని సూది ఎలా పట్టుకునేవారో ఇప్పటికీ ఆశ్చర్యమే. ఒంగోలు వెళ్తే అల్లూరయ్య మైసూర్‌పాక్ తెచ్చేవారు, ఆయన మాత్రం ముట్టేవారు కాదు మీరు తినండమ్మా అనేవారు. 2020 జనవరిలో ఆర్టీసీ వాళ్ళని గవర్నమెంట్‌లో కలిపినప్పుడు ఇక మీ అమ్మకి దిగుల్లేదు అని ఎంత సంతోషపడ్డారో.

ఆరోజు పొద్దున గుండెల్లో మంట అన్నారు. గ్యాసేలే అని వాము నమిలి ఖాకీ చొక్కా వేసుకున్నారు. చెమటలు కారిపోతుంటే అమ్మ డాక్టర్ దగ్గరికి పోదామంది, నేను పోకపోతే బండి ఆగిపోద్ది కాలేజీ పిల్లలు ఎట్టా పోతారు సాయంత్రం చూద్దాం అన్నారు, గుమ్మంలోనే కూలిపోయారు. 108 తొందరగానే వచ్చింది కానీ ఆలోపు చుట్టూ చేరినవాళ్ళలో ఒక్కరికీ సీపీఆర్, అంటే గుండె ఆగినవాళ్ళకి ఛాతీ మీద నొక్కి రక్తం ఆడేలా చెయ్యడం, తెలీదండీ. గుండె ఆగితే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుద్దంట, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండాలంట, ఇవన్నీ తర్వాత తెలిశాయి మాకు.

దినం రోజు ఆయన రూట్లో ఊళ్ళ నుంచి మాకు ముఖం కూడా తెలియని వాళ్ళు వచ్చారు. ఒక ముసలమ్మ, నేను కర్రతో నడిచొస్తుంటే బస్సాపి కూర్చునేవాడు మీ నాయన అని ఏడ్చింది.

మీ పేపర్లో సీపీఆర్ ఎలా చెయ్యాలో బొమ్మలతో వెయ్యండి సార్. ఛాతీ బరువు, ఎడమ చెయ్యి లాగడం, దవడ నొప్పి, చెమటలు ఉంటే గ్యాస్ అనుకోకుండా వెంటనే ఆస్పత్రికి పోయి ఈసీజీ తీయించుకోమని పెద్ద అక్షరాల్లో రాయండి, డిపోల్లో పేపర్ చదివే డ్రైవర్లకి కనపడేలా.

- ఒక ఆర్టీసీ డ్రైవర్ కూతురు, కనిగిరి