రేడియోలో మన పిల్లలు చెప్పిన మాట: ఫిబ్రవరి వార్తాలేఖ

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన శనివారం సాయంత్రం మన కమ్యూనిటీ రేడియోలో మన బడి పిల్లల ‘పిల్లల సముద్రం’ కార్యక్రమం వచ్చినప్పటి నుంచి, అందులో ఒక బాబు బోటు వలలో పడ్డ తాబేళ్ళ గురించి అడిగిన ప్రశ్న మీద ఊళ్ళో అనుకుంటున్న మాటలన్నీ నా చెవిన పడ్డాయి. రేవులో అన్నవీ, టీ కొట్టు దగ్గర అన్నవీ, వాట్సాప్ గ్రూపులో పెట్టినవీ. ‘మా పరువు రేడియోకెక్కించారు’ అని ఒకరు, ‘పిల్లల్ని చదువుకోమని పంపామా, బోట్ల మీద చెప్పమని పంపామా’ అని ఇంకొకరు ఫోన్ చేసి అడిగారు. నేరుగా నన్నే అడిగినందుకు వాళ్ళకు థాంక్స్. మిగతా అందరికీ ఇక్కడ జవాబు చెబుతున్నాను.

ముందు, ఎనిమిదో తరగతి బాబు నిజంగా ఏమన్నాడో చదవండి. ఊళ్ళో తిరిగి తిరిగి ఆ మాట చాలా మారిపోయింది. అతనన్నది ఇదీ (టెడ్ అంటే తాబేలు బయటపడేలా వలకు కుట్టే చట్రం, కింద వివరంగా చెబుతాను): “మా నాన్న వెళ్ళే బోటు వలలో డిసెంబరులో రెండు తాబేళ్ళు పడ్డాయి. ఒకటి బతికింది, ఒకటి చచ్చిపోయింది. ఆ రోజు నాన్న అన్నం తినలేదు. వలకి టెడ్ ఉంటే అది కూడా బయటికి పోయేది కదా. మన బోట్లకి ఎందుకు పెట్టరో ఓనరు గారిని అడగాలని ఉంది.” అంతే. బోటు పేరు చెప్పలేదు, ఓనరు పేరు చెప్పలేదు, ఎవర్నీ తిట్టలేదు. ప్రసారానికి ముందు ఆ రికార్డింగ్ నేను రెండుసార్లు విని సరే అన్నాను. కాబట్టి కోపం ఉంటే నా మీద చూపించండి. అయితే ఆ ప్రశ్న వల్ల వాళ్ళ నాన్నకు పనిలో ఇబ్బంది రావచ్చని నేను ముందే ఆలోచించాల్సింది. ఆయన ఇంటికి వెళ్ళి ఆ మాట చెప్పి వచ్చాను. బాబు సోమవారం బడికి రాలేదు. మంగళవారం వచ్చాడు గానీ మైకు దగ్గరికి రానన్నాడు. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

టెడ్ గురించి తెలియని అమ్మల కోసం రెండు ముక్కలు. మరబోటు లాగే ట్రాల్ వల మధ్యలో ఒక ఇనుప చట్రం కుడతారు. రొయ్యలు, చేపలు దాని కడ్డీల సందుల్లోంచి వల చివరికి పోతాయి. తాబేలు కడ్డీలకు తగిలి పక్కనున్న కంతలోంచి బయటపడుతుంది. తాబేలు చేప కాదు, మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది. పైకి రానివ్వకుండా వల గంటల తరబడి లాగితే నీళ్ళలోనే ఉక్కిరిబిక్కిరై చచ్చిపోతుంది. ఆ కంతలోంచి చేపలు కూడా కొన్ని పోతాయని బోటు వాళ్ళు చెప్పే మాటను నేను తీసిపారేయను. డీజిల్ ఖర్చు వాళ్ళది, చిరిగిన వల వాళ్ళది. ఆ మాట కూడా రేడియోలో రావాలి, వాళ్ళ నోటితోనే రావాలి.

ఈ కార్యక్రమం గురించి నా మనసులో ఉన్నది కూడా చెప్పాలి. ఇరవై రెండేళ్ళుగా పాఠం చెబుతున్నాను. క్లాసులో మన పేటల పిల్లలు లేచి నిలబడితే వాళ్ళ యాసకు పక్క బెంచీ వాళ్ళు నవ్వడం, వీళ్ళు నోరు మూసుకుని కూర్చోవడం ప్రతి ఏడాదీ చూశాను. అదే పిల్ల మైకు ముందు “మా తాత ఇరవై బారల లోతులో వల వేస్తాడు” అంటే నవ్వేవాళ్ళు లేరు. బార అంటే చాచిన రెండు చేతుల పొడవని లెక్కల మాస్టారే ఆ పిల్లని అడిగి తెలుసుకున్నారు. కమ్యూనిటీ రేడియోలో కనీసం సగం కార్యక్రమాలు స్థానికుల భాగస్వామ్యంతో తయారవ్వాలన్నది నిబంధన. ఈ రేడియో మన మాట కోసమే పుట్టింది. జహీరాబాద్ దగ్గర మాచనూరులో 2008 నుంచి దళిత మహిళా రైతులు తమ సంఘం రేడియోలో విత్తనాల గురించి, పంటల గురించి తమ యాసలోనే మాట్లాడుతున్నారు. రామేశ్వరం దగ్గర పాంబన్‌లో మత్స్యకారుల కోసం 2016లో ‘కడల్ ఓసై’ మొదలైంది. ఆ పేరుకు కడలి సవ్వడి అని అర్థం. ఇంత పొడవు తీరం ఉన్న మనకు మన పిల్లలు వారానికి అరగంట సముద్రం గురించి మాట్లాడితే బరువా? సముద్రంలో పుట్టి పెరిగిన జ్ఞానమంతా తాతలతో పాటు పోతుంటే నేను సిలబస్ పూర్తిచేశానని సంతకం పెట్టి ఊరుకోలేను.

మన పిల్లలు ఎంత బాగా చేశారో మీలో ఎంతమంది విన్నారో తెలియదు. గాలి హోరు మైకులో పడకుండా సైన్సు ల్యాబు కిటికీలకు దుప్పట్లు కట్టి, ఫ్యాన్లు ఆపి, చెమటలు కక్కుతూ రికార్డు చేశారు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల ఎత్తు, గాలి వేగం వివరాలను ఆరో తరగతి పాప తడబడకుండా చదివింది. ఆలివ్ రిడ్లే తాబేలు ఒక గుంటలో వంద, నూట ఇరవై దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, పొట్టతో దబదబా కొట్టి గట్టిచేస్తుంది. ఆ చప్పుడు కోసం ఏడో తరగతి కుర్రాడొకడు బకెట్లో తడి ఇసుక పోసి, అరచేతులతో కొట్టి, ‘ఇలా కాదు, ఇంకా బరువుగా ఉండాలి’ అని పదకొండుసార్లు మళ్ళీ చేశాడు. తొమ్మిదో తరగతి అమ్మాయి వాళ్ళ తాతను మాట్లాడించింది. తాబేలు శ్రీకూర్మం దేవుడి రూపమని, అది పడితే దండం పెట్టి వల కోసి వదిలేస్తామని ఆయన చెప్పారు. ‘వల పోతే నష్టం కదా తాతా’ అని ఆ పిల్ల అడిగింది. ఆయన వెంటనే జవాబివ్వలేదు. పడవకు అల కొట్టుకునే చప్పుడొక్కటే వినబడింది. తర్వాత ‘నష్టమే’ అన్నారు. ఆ నిశ్శబ్దాన్ని కత్తిరించకుండా ఉంచింది ఆ అమ్మాయే. నేనైతే తీసేసేదాన్ని.

ఇక మీతో ఒక విన్నపం. తీరం వీధిలో ఉన్నవాళ్ళు రాత్రిళ్ళు సముద్రం వైపు బల్బులు ఆర్పేయమని జనవరిలోనే చీటీ పంపాను. చాలా ఇళ్ళలో అది పిల్లల సంచిలోనే ఉన్నట్టుంది. గుడ్లలోంచి వచ్చిన తాబేలు పిల్లలు వెలుతురున్న వైపే పాకుతాయి. బల్బు వెలిగితే సముద్రంలోకి పోవాల్సినవి రోడ్డు మీదికి వస్తాయి, పొద్దుటికి కుక్కల పాలవుతాయి. ఏప్రిల్ దాకా దయచేసి ఆర్పండి. అలాగే రాత్రి పన్నెండింటి దాకా ఫోన్ చూసి, పొద్దున్న చిప్స్ ప్యాకెట్‌తో బడికొచ్చే పిల్లలు రోజురోజుకీ ఎక్కువవుతున్నారు. వేటకు వెళ్ళే నాన్నకు వీలు కాదు, నాకు తెలుసు. కానీ ఇంట్లో ఇంకెవరో ఒకరు ఆ ఫోన్ తీసి దాచగలరు. కాస్త గంజి అన్నమైనా తినిపించి పంపండి. ఆ ఖాళీ ప్యాకెట్లు వానకు కొట్టుకుపోయి మీ వలల్లోకే వస్తున్నాయి. రికార్డింగ్ మధ్యలో పిల్లలకు ఫోన్ చేసి ‘ఇంటికొస్తూ పాల ప్యాకెట్ తే’ అని చెప్పకండి. రెండుసార్లు మొత్తం మళ్ళీ చేయాల్సి వచ్చింది.

పదో తరగతి స్పెషల్ క్లాసులు పొద్దున్న ఎనిమిదింటికే, ఆధార్ జిరాక్సులు ఇవ్వనివాళ్ళు ఈ వారం ఇవ్వండి, ఐరన్ మాత్రలు గురువారం.

వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటికి బడి వరండాలో తర్వాతి భాగం రికార్డింగ్. ఈసారి మాట్లాడేది మీరు. బోటు నడిపే ఇద్దరు సరంగులు, ఒక బోటు ఓనరు గారు వస్తామన్నారు. చిరిగిన వల బాగుచేయడానికి ఎంతవుతుంది, పదేళ్ళ కింద దొరికిన వంజరం, చందువ చేపలు ఇప్పుడెంత దొరుకుతున్నాయి, టెడ్ పెడితే వచ్చే కష్టమేమిటి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో ఇల్లెలా గడుస్తుంది, అన్నీ చెప్పండి. ఎవరి మాటా కత్తిరించను. చేపలు అమ్మే అమ్మలు కూడా రండి, మీరు లేకుండా లెక్క తేలదు.

ఎనిమిదో తరగతి బాబుని బలవంతం చేయను. వాళ్ళ నాన్నతో కలిసి వస్తే మొదటి ప్రశ్న అతనిదే. దుప్పట్లు నాలుగు తక్కువయ్యాయి, ఇవ్వగలిగినవాళ్ళు శుక్రవారం పిల్లలతో పంపండి. ఉతికి తిరిగి ఇస్తాం.

మీ
ప్రధానోపాధ్యాయురాలు