గాయబ్ నిజంగానే వచ్చాడు

విద్యానగర్, హైదరాబాద్
ఆదివారం రాత్రి

ఒరేయ్ శీనూ,

పందెం ఓడిపోయావు. డజను ఉస్మానియా బిస్కెట్లు, రెండు ఇరానీ చాయ్‌లు. ఈసారి వచ్చినప్పుడు క్రాస్‌రోడ్స్‌లో కూర్చుని వసూలు చేసుకుంటా.

పోయిన వారం ఫోన్లో ఎంత ధీమాగా అన్నావురా, "అలాంటి కార్టూనే లేదు, జ్వరంలో నీకు కలొచ్చి ఉంటుంది" అని! కల కాదు. పేరు 'గాయబ్ ఆయా'. 1986లో దూరదర్శన్‌లో వచ్చింది. తీసినాయన శుద్ధసత్వ బసు. మన దేశంలో టీవీ కోసం తీసిన మొదటి కార్టూన్ సీరియల్ అదే. గాయబ్ అంటే ఒక దెయ్యం పేరు, భయపెట్టే రకం కాదు. నీకు గుర్తులేకపోవడంలో నీ తప్పేం లేదు, ఆ ఏడు మీ నాన్నగారికి ఖమ్మం ట్రాన్స్‌ఫర్ అయింది. నువ్వు తిరిగొచ్చేసరికి అది అయిపోయింది. అందుకే ఇన్నాళ్లూ ఆ దెయ్యాన్ని నేనొక్కణ్ణే మోశాను. ఎవర్ని అడిగినా తెలియదనేవాళ్లు. చివరికి నాకే అనుమానమొచ్చింది.

అప్పుడు మా వాటాలో టీవీ లేదు. ఓనర్ మామ్మగారింట్లో ఉండేది, ఈసీ టీవీ. మన ఈసీఐఎల్‌లో తయారైందే. చెక్కపెట్టె, ముందు జరిపే షట్టరు, దానికి తాళం. మామ్మగారు కొంగుకి కట్టుకున్న తాళంచెవి విప్పి ఆ షట్టరు లాగితే బర్రుమని చప్పుడయ్యేది. ఆ చప్పుడు వినపడితే చాలు, గల్లీలో ఆడుకుంటున్న వాళ్లమంతా చెప్పులు గడప దగ్గర విడిచేసి చాప మీద చేరేవాళ్లం. అది బ్లాక్ అండ్ వైట్ టీవీ కదా, రంగులు కనపడాలని ముందు ఒక ప్లాస్టిక్ షీట్ తగిలించారు. పైన నీలం, నడుమ కాస్త ఎరుపు, కింద ఆకుపచ్చ. వార్తలు చదివేవాళ్ల జుట్టు నీలంగా, చేతిలో కాగితాలు పచ్చగా ఉండేవి. మిగతా వాటికి ఆ షీట్ ఎలా ఉన్నా గాయబ్‌కి మాత్రం అద్భుతంగా కుదిరింది. పైకెగిరితే నీలం దెయ్యం, కిందికి దిగితే ఆకుపచ్చ దెయ్యం. నాకు కథ ఒక్కటీ గుర్తులేదు, ఆ రంగులు మారడం మాత్రం నిన్న చూసినట్టుంది.

'ఏక్ అనేక్ ఔర్ ఏక్తా' అనే చిన్న కార్టూన్ సినిమా గురించి పందెం అక్కర్లేదు, అది నీకూ కంఠతా వచ్చు. ప్రోగ్రాముకీ ప్రోగ్రాముకీ మధ్య ఖాళీ వస్తే చాలు, అదే వేసేవాళ్లు. కానీ మనం పుట్టకముందు, 1974లో తీశారని నీకు తెలుసా? కేంద్ర ప్రభుత్వ ఫిల్మ్స్ డివిజన్ వాళ్లది. విజయా ములే తీశారు, బొమ్మలకు ప్రాణం పోసింది భీమ్‌సేన్. వలలో చిక్కిన పక్షులన్నీ ఒక్కసారిగా లేచి వలతో సహా ఎగిరిపోతాయి, తర్వాత ఎలుకలొచ్చి దాన్ని కొరికేస్తాయి. అందరూ పాట గురించి చెప్తారు గానీ, నాకిష్టమైంది ఆ ఎగరడం. అన్ని పక్షుల రెక్కలూ ఆడుతుంటే వల మొత్తం బరువుగా ఊగుతూ పైకి లేస్తుంది. గీత మీద అంత బరువు చూపించడం ఎంత కష్టమో తర్వాత నా చేతులకి తెలిసొచ్చింది. ఆ సంగతి కిందికొస్తా.

'జంగిల్ బుక్' మర్చిపోయినవాళ్లు లేరు, కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను. జపాన్ వాళ్లు తీసింది, 1993లో మనకు హిందీలో వచ్చింది. షేర్ ఖాన్ అనే పులికి నానా పటేకర్ గొంతు. కానీ దాంట్లో ఒక ముక్క మాత్రం ఎవ్వరికీ తెలియదు, మనింట్లో వాళ్లకి తప్ప. ఎండాకాలం సెలవులకి మా అమలాపురం పిన్ని పిల్లలొచ్చారు చూడు. వాళ్లకు హిందీ ముక్క రాదు. నువ్వు టీవీ పక్కన నిలబడి, ఒక చెయ్యి స్టెబిలైజర్ మీద పెట్టుకుని, డైలాగ్ వచ్చిందే తడవు తెలుగులో చెప్పేవాడివి. భగీరా అనే నల్ల చిరుతకి మీ తాతయ్య గొంతు, షేర్ ఖాన్‌కి మన లెక్కల మాస్టారి గొంతు! మా చిన్నపిన్ని కొడుకు ఈరోజుకీ ఆ కథ తెలుగులోనే చూశానంటాడు. నిజమే, వాడు చూసింది నీ జంగిల్ బుక్. అది ఇంక ఎక్కడా దొరకదు.

1995లో కేబుల్లో కార్టూన్ నెట్‌వర్క్ వచ్చింది. రాత్రయితే అదే ఛానల్ టీఎన్‌టీగా మారిపోయి పాత ఇంగ్లీష్ సినిమాలు పడేవి, గుర్తుందా? అప్పట్లో మనం అవి కొత్త కార్టూన్లనుకున్నాం. సగం మన నాన్నల కాలం నాటివిరా! ఆ ఛానల్ కంపెనీ 1991లో హన్నా బార్బెరా అనే కార్టూన్ స్టూడియోని కొనేసింది, ముప్ఫై ఏళ్ల సరుకంతా చేతికొచ్చింది, అదే మనకి పోశారు. ఆ పావురాన్ని పట్టుకోలేక విమానాలు కూల్చుకునే మట్లీ కుక్క కార్టూన్ 1969 నాటిది. ఆ కుక్క నవ్వు నువ్వు క్లాసులో నవ్వి బయట నిలబడ్డావు.

వాటన్నిటిలో నా గుండెకాయ మాత్రం 'పైరేట్స్ ఆఫ్ డార్క్ వాటర్'. లోకాన్ని మింగేస్తున్న నల్లటి నీళ్లు, రెన్ అనే రాకుమారుడు, వెతకాల్సిన 13 నిధులు. ఒక్కొక్కటే దొరుకుతుంటే నువ్వు గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టావు. 8 గీతలయ్యాయి. ఆ తర్వాత వారం మళ్లీ మొదటినుంచి వేశారు. ఇద్దరం పరుగెత్తుకుంటూ కేబుల్ అన్న దగ్గరికి పోయి మిగతా నిధులు ఎందుకు కోసేశావని నిలదీశాం. ఆయన సోల్డరింగ్ చేస్తూనే, "అమెరికాల వైరు తెగిందిరా, జోడిస్తున్నరు, వస్తది" అన్నాడు. నెల రోజులు ఎదురుచూశాం.

అసలు సంగతి పెద్దయ్యాక తెలిసింది. అది 21 ఎపిసోడ్లతో 1993లోనే ఆగిపోయింది. మన కేబుల్లో ఆ ఛానల్ రాకముందే! మనం మొదలుపెట్టేసరికే దాని పని అయిపోయింది. ఇది తెలిసిన రోజు నాకు నిజంగా దుఃఖమొచ్చింది శీనూ. కానీ మనకి ముగింపు ఉంది కదా. మిగిలిన 5 నిధులూ నువ్వే లాంగ్ నోట్‌బుక్‌లో వెతికిపెట్టావు. తొమ్మిదోది గోల్కొండ బావిలో. పదోది హుస్సేన్ సాగర్ అడుగున, 1990లో బుద్ధుడి విగ్రహం మునిగిన చోట. 1992లో విగ్రహాన్ని లేపారు గానీ నిధి అక్కడే ఉండిపోయిందని రాశావు. ఎంత బాగా రాశావురా! ఆ నోట్‌బుక్ మీ అమ్మగారు పాతపేపర్లవాడికి వేసేశారు. పదకొండు నుంచి పదమూడు దాకా ఏమేం రాశావో నాకు ఎంతకీ గుర్తురావడం లేదు. నీకేమైనా తడితే రాయి.

ఇప్పుడు నా చేతుల సంగతి. 2003లో నేను ఆరు నెలలు యానిమేషన్ స్టూడియోలో చేశాను, నీకు సరిగ్గా ఎప్పుడూ చెప్పలేదు. ఇన్‌బిట్వీనర్ పని. బయటిదేశం సీరియల్. ముఖ్యమైన పోజులు, అంటే కీస్, సీనియర్లు గీస్తారు. ఒక కీ పోజుకీ ఇంకోదానికీ మధ్య బొమ్మలు మనం నింపాలి. కింద లైటు వెలిగే అద్దం బల్ల, దాని మీద కాగితాలు కదలకుండా పట్టే పెగ్ బార్, కన్నాలున్న కాగితాలు. నాలుగు వేళ్ల సందుల్లో నాలుగు కాగితాలు ఇరికించి టపటపా తిప్పుతుంటే బొమ్మ కదులుతుంది. మొదటిసారి నేను గీసిన చెయ్యి కదిలినప్పుడు ఒళ్లు జలదరించింది. సెకనుకి 12 బొమ్మలు. రోజంతా గీస్తే తెర మీద రెండు మూడు సెకన్లు.

అక్కడే తెలిసింది, ఆ హన్నా బార్బెరా వాళ్ల యోగి ఎలుగుబంటికి ఒంటి మీద చొక్కా లేకపోయినా మెడకి కాలరూ టై ఎందుకున్నాయో. కాలర్ దగ్గర గీత తెగిపోతుంది కాబట్టి మాట్లాడేటప్పుడు తల ఒక్కటే మళ్లీ గీస్తే చాలు, ఒళ్లు పాతదే వాడుకోవచ్చు. డబ్బు లేనిచోట అంత తెలివిగా పని నడిపించారు. అది తెలిశాక ఆ పాత కార్టూన్ల మీద గౌరవం పెరిగింది.

స్టూడియో మూతపడింది. చివరి రెండు నెలల జీతం ఇవ్వలేదు, అడగడానికి వెళ్తే షట్టర్‌కి తాళం. నాన్న ఆ నెల అద్దె అప్పు చేసి కట్టారు. డబ్బు పోయిందన్న బాధ ఎప్పుడో తీరింది. తీరనిది ఇంకోటి. నేను గీసిన సీరియల్‌ని నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఒక కుందేలు పిల్ల గుమ్మం తలుపు నెమ్మదిగా తోస్తుంది, ఆ చెయ్యి నాది. సెకనున్నర ఉంటుంది. సీరియల్ పేరు మాకు చెప్పనేలేదు, కాగితాల మీద నంబర్లే. ఏ దేశంలోనో ఏ పిల్లాడో అది చూసే ఉంటాడు, ఇప్పుడు వాడికి పాతికేళ్లు దాటుంటాయి.

అందుకేనేమో 2006లో 'కిట్టు' వస్తే పరుగెత్తాను. తెలుగులో పూర్తి నిడివి కార్టూన్ సినిమా! కోతి కథ, బి. సత్య తీశాడు. ఉత్తమ యానిమేషన్ చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. నేను వెళ్లిన ఆటకి హాల్లో ఇరవై మంది కూడా లేరు. ఇప్పుడు ఆఫీసులో అడిగితే ఒక్కరికీ తెలియదు. ఛోటా భీమ్ పుట్టింది మన ఊళ్లోనే అంటే ఆశ్చర్యపోతారు, దానికి రెండేళ్ల ముందు తెలుగులో మాట్లాడిన ఆ కోతి మాత్రం ఎవరికీ అక్కర్లేదు. నాకు అక్కర ఉంది. దాని మంచి ప్రింటు ఎక్కడైనా ఉంటే టికెట్ ఎంతైనా సరే, మా పాపని తీసుకెళ్లి చూపిస్తా.

పాప నిద్రపోయింది, పదకొండు దాటింది, ఇంక ముగిస్తా. ఒక్కటి మాత్రం మిగిలింది, దీన్ని నేను ఎక్కడ వెతికినా దొరకలేదు. ఒక ముసలాయన గొడుగు పట్టుకుని నడుస్తుంటాడు. ఊరంతా ఎండ, వాన మాత్రం ఆయన గొడుగు లోపలే కురుస్తుంటుంది. మాటల్లేవు, వయొలిన్ లాంటి సంగీతం. మీ ఇంట్లోనే చూశాం, కరెంటు పోయి సగంలో ఆగిపోయింది, మీ అక్క కొవ్వొత్తి తెచ్చింది. ఆ ముసలాయన చివరికి గొడుగు మూశాడా? అక్కని అడిగి చూడు. దీనికి జవాబు తెస్తే బిస్కెట్ల పందెం మాఫీ.

నీ
రవి