అరకులో నోటా అంటే కోపమేనా?

సంపాదకులకు నమస్కారం.

అరకు లోక్‌సభ స్థానం మాట వచ్చినప్పుడల్లా 2024 ఫలితంలోని రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూపడం పరిపాటైంది. గెలిచిన వైఎస్సార్‌సీపీ అభ్యర్థి గుమ్మా తనుజారాణి మెజారిటీ 50,580. నోటాకు, అంటే ‘వీరెవరూ కాదు’ బటన్‌కు, పడినవి 50,470. దీన్ని పట్టుకుని, నోటా ఓట్లే బీజేపీ అభ్యర్థి కొత్తపల్లి గీతను ఓడించాయనీ, గిరిజనులు అలా కోపం చూపారనీ అంటున్నారు. కూడికలోనే ఆ వాదన నిలవదు. నోటా ఓట్లన్నీ ఆమెకే పడినా ఇంకా 110 ఓట్లు తక్కువే.

2019ని చూస్తే విషయం ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. అప్పుడు గొడ్డేటి మాధవి 2,24,089 ఓట్ల తేడాతో గెలిచారు. ఆ ఎన్నికలోనూ నోటాకు 47,977 పడ్డాయి. తర్వాతి ఐదేళ్లలో అభ్యర్థులు మారారు, పొత్తులు మారాయి, మెజారిటీ నాలుగో వంతుకు దిగింది. నోటా మాత్రం ఇంచుమించు ఉన్నచోటే ఉంది. ఒక అభ్యర్థి మీదో ఒక పార్టీ మీదో కోపమైతే ఇలా కదలకుండా ఉండదు.

పాత పార్వతీపురం స్థానం పోయి, పునర్విభజన తర్వాత 2009లో అరకు వచ్చింది. పాలకొండ, కురుపాం, పార్వతీపురం, సాలూరు, అరకులోయ, పాడేరు, రంపచోడవరం కలిపి ఏడు సెగ్మెంట్లు. 2022కు ముందు లెక్కలో నాలుగు జిల్లాలు. 2009లో కాంగ్రెస్ తరఫున కిశోర్ చంద్రదేవ్, 2014 నుంచి వరుసగా మూడుసార్లు వైఎస్సార్‌సీపీ. ఇక్కడి ఓటరు మనిషి వెంట కాక గుర్తు వెంట నడుస్తాడనడానికి సాక్ష్యం దగ్గరలోనే ఉంది. 2014లో ఫ్యాను గుర్తు మీద అరకులోయ, పాడేరు, రంపచోడవరంలో గెలిచిన ముగ్గురు ఎమ్మెల్యేలూ తర్వాత తెలుగుదేశంలో చేరారు. 2019లో ఆ మూడు చోట్లా మళ్లీ ఫ్యానే గెలిచింది. అదే 2014లో ఫ్యాను మీద ఎంపీగా గెలిచిన గీత, 2024లో కమలం గుర్తు మీద ఓడిపోయారు.

గుర్తుకు ఇంత బలమున్న చోట, 2024లో ఓటరు ముందు పెట్టిన యంత్రాలేమిటో చూడాలి. లోక్‌సభ యంత్రంలో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి గుర్తు కమలం. అసెంబ్లీ యంత్రంలో ఐదు చోట్ల సైకిల్, పాలకొండలో గాజు గ్లాసు. రెండింటిలోనూ కమలమే ఉన్నది ఒక్క అరకులోయలోనే. లోక్‌సభ యంత్రంలో కాంగ్రెస్ హస్తం కూడా లేదు, ఆ సీటు సీపీఎంకు వదిలారు. ఆ పార్టీ అభ్యర్థికి 1,23,129 ఓట్లు వచ్చాయి. అసెంబ్లీకి ఏడింట ఐదు చోట్ల కూటమి గెలిచి కూడా లోక్‌సభ సీటు పోగొట్టుకుందంటే ముందు వెతకాల్సింది ఇక్కడే. 2009లోనూ తెలుగుదేశం ఈ సీటును పొత్తులో సీపీఎంకు ఇచ్చింది, అప్పుడూ లోక్‌సభ యంత్రంలో సైకిల్ లేదు. ఈ పోలికను మన విశ్లేషకులు ఎందుకు వదిలేస్తున్నారో తెలియదు.

2019లో సైకిల్ ఉంది, ఫ్యాను ఉంది. అయినా నోటా తగ్గలేదు. కాబట్టి గుర్తు కనపడకపోవడం ఒక్కటే కారణం కాదు, ఓటు వేసే పద్ధతినీ చూడాలి. ముందు లోక్‌సభ, తర్వాత అసెంబ్లీ. బ్యాలెట్ యూనిట్ మీద కాగితం మొదటిదానికి తెలుపు, రెండోదానికి గులాబీ. అభ్యర్థుల వరుస రెండింటిలో ఒకటి కాదు. పార్టీ మనుషులు ఊళ్లో ‘రెండో నంబరు నొక్కు’ అని ఒకే నంబరు నేర్పితే, అది ఒక యంత్రానికే సరిపోతుంది. వెతికి దొరకని చేయి చివరి బటన్ మీద ఆగే అవకాశం ఉంది, ఆ చివరిదే నోటా. వీవీప్యాట్‌లో చీటీ ఏడు సెకన్లు కనపడుతుంది. పొరపాటు తెలిసినా అప్పటికి ఓటు పడిపోయింది. చూపు లేనివారికీ బటన్ నొక్కలేని అశక్తులకూ తోడు మనిషిని అనుమతిస్తారు గానీ, చదువు రాకపోతే అనుమతించరు. అందులోనూ 2024లో అరకులోయ, పాడేరు, రంపచోడవరంలో పోలింగ్ సాయంత్రం నాలుగుకే ముగిసింది. నిదానంగా వివరించే తీరిక సిబ్బందికి ఎక్కడిది?

ఇది కోపమో తికమకో తేల్చడానికి సర్వేలు అక్కర్లేదు. ప్రతి సెగ్మెంట్‌కూ ఫారం 20 అనే తుది ఫలితాల పట్టిక ఉంటుంది, లోక్‌సభకు ఒకటి, అసెంబ్లీకి ఒకటి. అందులో బూత్‌ల వారీగా ప్రతి అభ్యర్థికీ నోటాకూ పడిన ఓట్లుంటాయి. ఒకే బూత్ నంబరు తీసుకుని రెండు ఫారాల్లో నోటా గడిని పక్కపక్కన రాసుకోవాలి. రెండూ దగ్గరగా ఉంటే అది తెలిసి వేసిన ఓటు. లోక్‌సభలో బాగా ఎక్కువై అసెంబ్లీలో తక్కువైతే తికమకను అనుమానించాలి. గుర్తు మారని అరకులోయను పక్కనున్న పాడేరుతో పోల్చితే గుర్తు ప్రభావమెంతో విడిగా తెలుస్తుంది. పోస్టల్ ఓట్లు అడుగున వేరే వరుసలో ఉంటాయి, వాటిని బూత్ లెక్కలో కలపకూడదు.

మీ పత్రిక ఈ పని చేయించి బూత్‌ల వారీగా ప్రచురించాలని కోరుతున్నాం. ఓటరుకు పద్ధతి చూపడానికి ప్రిసైడింగ్ అధికారి దగ్గర అట్టతో చేసిన నమూనా యూనిట్ ఉంటుంది. తెల్ల కాగితంతో ఒకటి, గులాబీ కాగితంతో ఒకటి అలాంటివి తయారుచేసి, నామినేషన్ల ఉపసంహరణ ముగిసిన మర్నాటి నుంచే వారపు సంతలకు తీసుకెళ్లాలి. కువి, సవర, కోయ, ఆదివాసీ ఒడియా మాట్లాడేవారు అక్కడ నిలబడి రెండింటినీ నొక్కి చూపించేలా ఎన్నికల అధికారులు ఏర్పాటు చేయాలి.

– పార్వతీపురం నుంచి కొందరు పాఠకులు